ఉత్తుత్తి రివెట్లు, అసలు కొలతలు

పోయిన సంచికలో బర్మింగ్‌హామ్‌లో చూసిన ఒక పడవ గురించి అరపేజీ రాసిన. బిడ్డ కాన్పుకు మేమిద్దరం అక్కడికి పోయి ఆరు నెలలు ఉన్నం. మనవరాలిని ఎత్తుకునే పని మా ఆమెది, కాలువ గట్టు మీద తిరుగుడు నా పని. ఆ గట్టుకు కట్టేసి ఉన్న ఒక నారోబోటు దగ్గర నా కాళ్లు ఆగినయి. వెనుకటి కాలంలో ఇంగ్లండు కాలువల మీద బొగ్గు, కుండలు, పిండి మోసిన సన్నటి పడవలుండేవి. వాటిని చూసి కొత్త ఉక్కుతో చేయించుకున్న నకలు అది. దాని యజమాని నాకంటే రెండేళ్లు పెద్ద, రైల్వేలో ఫిట్టరు చేసి రిటైరైనోడు. నేను ఐటీఐలో ముప్పై ఏళ్లు ఫిట్టరు, వెల్డరు ట్రేడు చెప్పినోణ్ని. ఇద్దరికీ దోస్తానా కుదరకుండ ఎట్లుంటది?

ఈ శీర్షికకు ఎప్పుడూ మోటరు కాలిందనీ, వెల్డింగు పగిలిందనీ, బోరు పంపు గాలి పీలుస్తుందనీ ఉత్తరాలు వస్తయి. ఈసారి పదిహేడు వస్తే అందులో పద్నాలుగు పడవ మీదనే. మహారాష్ట్ర అంచున, ప్రాణహిత ఒడ్డునున్న సిరొంచలో ఇంటి ముందర కూర్చొని జవాబులు రాస్తున్న. మోటర్ల ఉత్తరాలు పై సంచికకు.

*

ప్రశ్న: సార్, ఏడడుగుల వెడల్పు, డెబ్బై అడుగుల పొడవు అని రాశారు. అచ్చుతప్పేమో అని మా స్టాఫ్ రూములో పందెం కాసుకున్నాం. తప్పు కాకపోతే అంత సన్నటి పడవ ఎందుకు చేసుకున్నారు? వెడల్పుగా చేస్తే ఎక్కువ బొగ్గు పట్టదా?
— ఒక టీచరమ్మ, చంద్రపూర్

జవాబు: పందెం ఎవరు గెలిచిన్రో గానీ అచ్చుతప్పు మాత్రం కాదమ్మా. మీ ఊర్లో బొగ్గు లారీలు రోజూ చూస్తరు కదా, ఆ లారీ బాడీ ఎనిమిదడుగుల వెడల్పు ఉంటది. ఈ పడవ దానికంటే ఒక అడుగు సన్నం. పొడవు మాత్రం లారీ వెనక లారీ పెట్టినట్టు.

పడవ ఎంతుండాలన్నది పడవ చేసేటోడు తేల్చలేదు, లాకు తేల్చింది. లాకు అంటే మీకు తెలుసో లేదో. గోదావరి కాలువల లాకులు చూసే రాజమండ్రి దిక్కు వాళ్లకు చెప్పే పని లేదు. కాలువ ఎత్తు నుంచి పల్లానికి దిగే చోట నీళ్లు ఉరకకుండ రాతితో ఒక తొట్టి కడ్తరు, దానికి రెండు దిక్కులా తలుపులు. పడవను తొట్టిలోకి తెచ్చి పై తలుపు మూసి, కింది తూము తీస్తే నీళ్లు మెల్లగ దిగుతయి, వాటితో పాటు పడవ దిగుతది. ఎక్కాలంటే ఇదే పని తలకిందులుగ. పడవ దాటిన ప్రతిసారీ ఒక తొట్టెడు నీళ్లు పల్లానికి పోయినట్టే. మళ్లీ పైకి రావు.

లెక్క కట్టండి. 72 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు, 7 అడుగుల దిగుడు ఉన్న తొట్టి అనుకుంటే దగ్గర దగ్గర లక్ష లీటర్లు. పది వేల లీటర్ల ట్యాంకర్లు పది. ఒక్క పడవ ఒక్క మెట్టు దిగడానికి పది ట్యాంకర్లు! వెడల్పు రెట్టింపు చేస్తే ఇరవై. ఆ నీళ్లు గుట్ట మీద కట్టిన చెరువుల్లో నుంచి రావాలె, మన గంగ (గోదావరి) లెక్క ఎల్లకాలం పారేవి కావు. బర్మింగ్‌హామ్ నడిబజారులో ఫార్మర్స్ బ్రిడ్జ్ అనే చోట ఒకదాని వెనక ఒకటి పదమూడు లాకులున్నయి. ఆ పదమూడూ నేను నడిచి చూసిన. మోకాళ్ల నొప్పి ఉన్నోళ్లకు మంచి పరీక్ష.

ఈ కొలత ఖాయం చేసింది జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజనీరు. ట్రెంట్ అండ్ మెర్సీ కాలువ తవ్వకం 1766లో మొదలైంది. మొదటి పార వేసింది ఎవరంటే జోసయ్య వెడ్జ్‌వుడ్, పింగాణీ సామాను చేసే కుమ్మరి! బండ్ల మీద, గుర్రాల మీద పోతే ఆయన కప్పులు సగం దారిలనే పగిలేవి. అందుకే కాలువ కోసం అంత తండ్లాట. దారిలో హేర్‌కాసిల్ అనే గుట్ట అడ్డమొచ్చింది. దాన్ని రెండున్నర కిలోమీటర్లకు పైగా తొలిచిన్రు. సొరంగం వెడల్పు పెరిగిన కొద్దీ కూలీ, ఇటుక, కాలం అన్నీ పెరుగుతయి. అందుకే బ్రిండ్లీ ఒక్క పడవ పట్టేంతే తొలిపించిండు, లాకులు కూడ అంతే. 1777లో కాలువ పూర్తయింది, బ్రిండ్లీ మాత్రం 1772లోనే పోయిండు.

ఆ సొరంగంలో గుర్రం నడిచే బాట లేదు. గుర్రాన్ని విప్పి గుట్ట మీదుగా నడిపించుకుంట పోయేటోళ్లు. పడవ ఎట్ల పోవాలె? మనుషులు పడవ మీద వెల్లకిలా పండి, కాళ్లను సొరంగం గోడకు తన్ని, చీకట్లో అడుగులేసుకుంట నూకేటోళ్లు. రెండున్నర కిలోమీటర్లు. మా కొలీగ్ ఒకాయన ఇది విని, 'మన పల్లెల్లో బావి పూడిక తీసినోళ్లకు ఇదొక లెక్కనా' అన్నడు. బావి పూడిక తీసిన మనిషే ఆయన, కాదనలేకపోయిన.

*

ప్రశ్న: మాస్టారూ, నమస్కారమండీ. నకలు ఎంతైనా నకలే కదండీ. ఆ పడవ మీద రివెట్లు కూడా ఉత్తుత్తివేనని మీరే రాశారు. పెళ్లి పందిట్లో థర్మోకోల్ గోపురం లాంటిదాన్ని పట్టుకుని అరపేజీ పొగడ్డం ఏం బావుందండీ?
— రిటైరైన ఒక లాకు ఉద్యోగి, ధవళేశ్వరం

జవాబు: మీ ఉత్తరం వచ్చిన్నాడు నాకు అన్నం సయించలేదు సార్, ఎందుకంటే ఆ పడవ చూసిన మొదటి నిమిషంలో నేను అన్నది కూడ ఇదే.

వెనుకటి పడవలు టేకు, మద్ది కాదు, అక్కడి ఓక్ చెక్కతో పక్కలు, ఎల్మ్ పలకలతో అడుగు. ఎల్మ్ ఎప్పుడూ నీళ్లల్లనే ఉంటే మన్నుతది, ఎండి నాని ఎండితే చెడిపోతది. అందుకే అడుగుకు వాడిన్రు. తర్వాత ఇనుప రేకు పక్కలు, ఎల్మ్ అడుగు కలిపి చేసిన్రు. ఆ రేకు అతుకులన్నీ రివెట్లే. కాలిన రివెట్‌ను తొర్రలో పెట్టి, ఒకడు వెనక నుంచి బరువు అదిమితే ఇంకొకడు ముందర నుంచి సమ్మెటతో తల సాపు చేసేటోడు. చల్లారి ముడుచుకున్నంక రెండు రేకులను ఒకటిగ బిగించి పట్టుకుంటది. 1930ల నాటికి ఉక్కు పడవలు దిగినయి. ఇప్పుడు చేసే పడవ మొత్తం వెల్డింగే. అడుగు పలక 10 మిల్లీమీటర్లు, పక్కలు 6, పైకప్పు 4. అక్కడ 'టెన్, సిక్స్, ఫోర్' అంటే అందరికీ తెలుసు, మన దగ్గర పైపు సైజు చెప్పినట్టు.

అంటే ఈ పడవకు రివెట్ అక్కర లేదు. అయినా వరుసలు వరుసలు ఉన్నయి. తాళం చెవితో కొట్టి చూసిన. బిగించిన రివెట్ కొడితే రేకంతా ఒక్కటిగ మోగుతది. ఇవి టిక్ టిక్ అన్నయి, తలలు మాత్రమే అతికించినవి! లోపలి నుంచి ముసలాయన తల బయట పెట్టి, 'దొరికిపోయిన్నా?' అని నవ్విండు. ఎందుకు పెట్టించినవ్ అంటే, కంటి కోసం అన్నడు. ఆ పైసలు ఇంకేదన్న మంచి పనికి పెట్టేదుండె అని నాకిప్పటికీ అనిపిస్తది. ఇంకో అబద్ధం కూడ ఉంది. బయట నుంచి చూస్తే నడుమ భాగం బొగ్గు నింపి తాటిపత్రి కప్పినట్టు కనపడ్తది. తాటిపత్రి కింద చూస్తే సోఫా, ఫ్రిజ్జు, బట్టలుతికే మెషీను. మీ థర్మోకోల్ గోపురం మాట ఇంతవరకు నిజమే సార్.

ఆయన నన్ను ఇంజన్ గదిలోకి తీస్కపోయిండు. అక్కడ నా నోరు పడిపోయింది. పాత లిస్టర్ ఇంజన్, రెండు సిలిండర్లు, ఇత్తడి పైపులు తోమి తోమి తళతళ. దాన్ని తిప్పి లేపితే 'డుగ్... డుగ్... డుగ్' అని ఆ శబ్దం మొదలైంది. సార్, మా నాన్న పొలంలో ఉన్న ఆయిల్ ఇంజన్ గొంతు అది! లిస్టర్ నమూనా చూసి రాజ్‌కోట్‌లో చేసిన ఇంజన్లు మన దేశమంతా వరి తడిపినయి కదా. 'దీనికి మా దేశంలో లక్షలమంది చుట్టాలున్నరు' అన్న. ఆయనకు ఎంత సంబరమైందో. వాళ్ల దేశంలో అద్దాల బీరువాలో పెట్టుకునే ఇంజన్‌ను మనం గట్టు మీద, రేకుల షెడ్డు కింద, డీజిల్‌లో ఇంత కిరోసిన్ పోసి నడిపినం. దీనికంటే ముందు బొలిండర్ అని స్వీడన్ ఇంజన్ వాడేటోళ్లట, దాని బుర్రను బ్లోల్యాంపుతో ఎర్రగ కాల్చి లేపాలె. గేరు పెట్టె కూడ లేని రకం. వెనక్కి పోవాలంటే ఇంజనే తిరగబడి ఉల్టా తిరగాలె. ఆ పని చేయించుడు ఒక విద్య, నాకు చూసే భాగ్యం దొరకలేదు.

తర్వాత ముక్కు. ముందు భాగం రేకును ఎట్ల వంచిన్రు అన్నది ముఖ్యం. ఫెలోస్ మార్టన్ అండ్ క్లేటన్ అనే వెనుకటి రవాణా కంపెనీ పడవల ముక్కు అందానికి పేరు. కంపెనీలో జోషువా ఫెలోస్ పేరు మీద ఆ పడవలను 'జోషర్' అంటరు. ఈ పడవ ముక్కు ఆ వంపుకు నకలు. మామూలు కొత్త పడవల ముక్కు మొద్దుగ ఉండి నీళ్లను గుద్దుతది, అల లేచి గట్టు మట్టి రాలుతది. ఇది పోతుంటే నేను గట్టు మీద పక్కనే నడిచిన, నీళ్లు సప్పుడు లేకుండ విడిపోయి కలిసినయి. 6 మిల్లీమీటర్ల రేకును రెండు దిక్కుల వంపు తిప్పి వెల్డు చేసినోని చెయ్యి నాకు చూడబుద్ధయింది. ముప్పై ఏళ్లల్ల నేను చదువు చెప్పిన పిల్లల్లో నలుగురైదుగురు చేయగలరేమో.

ఆఖరుకు లాకు. పడవ తొట్టిలోకి పోయినంక వంగి చూసిన. ఇటు రెండు వేళ్ల సందు, అటు రెండు వేళ్ల సందు. రెండు వందల యాభై ఏళ్ల కింద బ్రిండ్లీ గీసిన గీతకు ఈ ఉక్కు పడవ ఇప్పుడు కూడ లోబడుతుంది సార్. పందిట్లో గోపురాన్ని గుడికి తీస్కపోయి నిలబెడితే పట్టదు. ఇది పోయి కూర్చుంది. రివెట్లను తిట్టండి, నేనూ మీ వెంట తిడత. కొలత జోలికి మాత్రం రాకండి.

*

ప్రశ్న: దాని స్పీడు ఎంత? మైలేజీ ఎంత?
— ఆటో యూనియన్ తమ్ముడు, అహేరి

జవాబు: గంటకు నాలుగు మైళ్లు దాటొద్దు, అంటే ఆరు కిలోమీటర్లు. కట్టేసి ఉన్న పడవల పక్క నుంచి పోతే ఇంకా తగ్గించాలె, లేకుంటే లోపల చాయ్ తాగేటోళ్లు బయటికొచ్చి తిడ్తరు. కుక్కను తీసుకొని నడిచే ఆమె ఒకామె మమ్మల్ని దాటి పోయింది. మైలేజీ అడిగితే ముసలాయన నన్ను ఎట్ల చూసిండంటే, మళ్లీ అడగలేదు.

*

ప్రశ్న: అన్నా, ఆ పడవ వెనక గదిలో మొగుడు పెండ్లాం పిల్లలు అందరూ ఉండేదని రాస్తివి. వంట ఏడ చేసేది, పండేది ఏడ? చిన్నపిల్లలు నీళ్లల్ల పడరా?
— ఒక అక్క, అంకీస

జవాబు: పదడుగుల పొడవు, ఏడడుగులు కూడ లేని వెడల్పు అక్కా. మన వంటింట్ల సగం. ఈ నకలులో ఆ గదిని మాత్రం ముసలాయన ఇంచు కూడ మార్చలేదు. తలుపు తీసి దిగేటప్పుడు కాలు పెట్టే మెట్టు ఉందే, అదే బొగ్గు డబ్బా. దిగంగనే ఎడమ దిక్కు పొయ్యి; వండుకునుడు, చలి కాచుకునుడు రెండూ దాని మీదనే. దాని పక్క అలమారి తలుపు గొళ్లెం తీస్తే కిందికి వాలి బల్ల అయితది. కుడి పక్క బెంచీ పగలు కూర్చునేటందుకు, రాత్రి పిల్లలు పండేటందుకు. ఆఖరున ఇంకో అలమారి తెరిస్తే అడ్డంగ మంచం పర్చుకుంటది, మొగుడు పెండ్లాం అక్కడ. పొద్దున మడిచి పెట్టకుంటే ఎవరూ అటు ఇటు కదలలేరు. ప్రతి తలుపు మీద గులాబీలు, కోటలు రంగులతో వేసి ఉంటయి. నీళ్ల క్యాను కూడ పూల రంగులతో పడవ మీద నిలబెట్టి ఉంటది. గోడలకు అంచు జాలీ ఉన్న పింగాణీ పళ్లెలు తగిలిస్తరు. ఉండేది ఒక్క గుల్ల, దానికి ఇంత సోకు! మట్టి గోడకైనా ముగ్గేసే మనోళ్లకు అర్థమైతది.

మొదట్ల పడవోళ్లకు ఒడ్డు మీద ఇండ్లుండేవి. రైళ్లు వచ్చి కిరాయిలు పడిపోయినంక ఇంటి కిరాయి కట్టలేక, పనోణ్ని పెట్టుకోలేక పెండ్లాం పిల్లలను పడవ ఎక్కించుకున్నరు. ఇంజన్లు వచ్చినంక ముందర మోటరు పడవ, దాని వెనక ఇంజన్ లేని ఇంకో పడవ. ముందరి దాని మీద మొగుడు, వెనక దాని చుక్కాని పెండ్లాం చేతిలో. రెండూ కలిపి యాభై టన్నుల దాకా మోసేవి. ఆమె చంకలో బిడ్డ, ఒక చేత చుక్కాని, ఆలుగడ్డల గిన్నె ముందర. చిన్నపిల్లలను పడవ పైకప్పు మీద తాడుతో నడుముకు కట్టి కూర్చోబెట్టేటోళ్లట. నువ్వు అడిగినట్టే నేను కూడ అడిగిన, పడలేదా అని. 'పడిన్రు' అన్నడు ముసలాయన, అంతే.

ఒక గదిలో ఎంతమంది ఉండొచ్చని 1877లో చట్టం చేసి పడవలకు నంబర్లిచ్చిన్రు. బడి మాత్రం దొరకలేదు. ఒక ఊర్లో ఒక పూట, ఇంకో ఊర్లో ఒక రోజు, ఏం చదువు? మన దిక్కు నుంచి మిర్చి ఏరుడుకు ఖమ్మం, వరంగల్ పోయే కుటుంబాల పిల్లలు బడి రిజిస్టర్‌లో ఉంటరు, బడిలో ఉండరు. అది యాదికొచ్చింది.

ఇంకో ముచ్చట చెప్పాలె, పోయిన సంచికలో సిగ్గుకు రాయలేదు. ఒకరోజు లాకు ఎక్కుతుంటే ముసలాయన నా చేతికి తూము తిప్పే హ్యాండిల్ ఇచ్చిండు. మెల్లగ, సగం తిప్పి ఆగు అని చెప్పిండు. ఐటీఐ సారును కదా, నాకు తెలియదా? మొత్తం తిప్పిన. నీళ్లు ఒక్కసారి దుంకినయి. ఇరవై టన్నుల పడవ ముందుకు ఉరికి, వెనక్కి గుంజుకొని తొట్టి గోడకు గుద్దుకుంది. లోపల ఏదో పగిలిన సప్పుడు. జాలీ అంచు పళ్లెం, వాళ్ల అత్త కాలం నాటిది. ఆయన ఏం అనలేదు, ముక్కలు ఏరి చాయ్ పెట్టిండు. తిరిగి వచ్చినంక మా ఆమె సారెలో తెచ్చుకున్న ఇత్తడి చెంబు ఒకటి పార్సిల్ పంపినం. ఇప్పుడు పొయ్యి పక్కన పెట్టుకున్నడని బిడ్డ ఫోటో పంపింది.

*

ప్రశ్న: సర్, మా తాతయ్య సిరొంచకు ఇంగ్లీషు వాళ్ల ఓడలు వచ్చేవని చెబుతారు. నిజమేనా? మన దగ్గర కూడా లాకులు కట్టారా?
— ఇంటర్ విద్యార్థిని, సిరొంచ

జవాబు: తాతయ్య గాలి మాట చెప్పలేదు బిడ్డా, కొంచెం ముందుకు పోయిండంతే. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి చేసిన ఆర్థర్ కాటన్‌కు నీళ్లు అంటే పొలమే కాదు, దారి కూడ. గోదావరి మీదుగా పైకి, ప్రాణహిత, వార్ధా దాకా పడవలు నడిపితే విదర్భ దిక్కున్న వర్హాడ్ పత్తి సముద్రానికి దిగుతదని ఆయన పట్టు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై ఇంగ్లండు మిల్లులకు పత్తి ఆగిపోయేసరికి ఆ మాటకు బలమొచ్చింది. ఈ నీటి దారిలో మూడు చోట్ల బండరాళ్ల అడ్డంకులున్నయి: దుమ్ముగూడెం, మన కిందున్న ఇచ్చంపల్లి, ప్రాణహిత మీద దేవలమర్రి. ఒక్కో చోట ఆనకట్ట, పక్కన కాలువ, లాకులు కట్టి బండలను తప్పించుకొని పోవాలని పథకం. హేగ్ అనే ఇంజనీరు చూసుకున్నడు. ఆ రోజుల్లో సిరొంచ ఎగువ గోదావరి జిల్లాకు కేంద్రం. మన పక్క గ్లాస్‌ఫర్డ్‌పేట ఉంది కదా, అది అప్పటి డిప్యూటీ కమిషనర్ గ్లాస్‌ఫర్డ్ పేరే.

తర్వాత ఏమైంది? జ్వరాలకు పనోళ్లు నిలవలేదు. నదిలో పడవ తేలే నీళ్లు ఏడాదిలో కొన్ని నెలలే. 1867లో నాగపూర్‌కు రైలు వచ్చింది, పత్తి బొంబాయి దారి పట్టింది. 1871లో పని ఆపేసిన్రు, 1874లో జిల్లానే ఎత్తేసిన్రు. దుమ్ముగూడెం ఆనకట్ట ఇప్పటికీ ఉంది, వీలైతే పోయి చూడు. దేవలమర్రి పోతే బండలు చూడొచ్చు, ఎండకాలమే పో.

ఇంగ్లండులో పడవ రైలుతో వంద ఏళ్లకు పైగా కొట్లాడి ఓడింది. కాలువలు 1948లో సర్కారు చేతికి పోయినయి, 1962-63 చలికాలం వారాల తరబడి గడ్డకట్టి మిగిలిన సరుకు రవాణాను చంపింది. ఈలోగా 1946లోనే టామ్ రోల్ట్, రాబర్ట్ ఐక్‌మన్ అనే ఇద్దరు కలిసి కాలువలు పూడ్చొద్దని సంఘం పెట్టిన్రు. అందుకే ఈరోజు షికారు పడవలన్నా తిరుగుతున్నయి. మన దగ్గర రైలు, పడవ కొట్లాడనే లేదు. పడవ దారి పూర్తికాకముందే రైలు నాగపూర్ చేరింది, సిరొంచకు ఈనాటికీ రాలేదు!

*

ప్రశ్న: ప్రాణహిత పుష్కరాలకు అలాంటి నారోబోటు ఒకటి చేయించి తిప్పితే టూరిజం కాదా? మాకు స్పాన్సర్లు ఉన్నారు.
— యువజన సంఘం, చెన్నూరు

జవాబు: వద్దు. 2022 పుష్కరాలు ఏప్రిల్‌లో వచ్చినయి, నది ఎంత లోతు ఉందో మీరు స్నానం చేసిన్రు కదా. ఆ పడవకు రెండున్నర, మూడు అడుగుల నీళ్లు కావాలె. మన దగ్గర ఎండకాలం ఇసుకలో కూరుకుపోతది. వానకాలమా? అది నిలువ నీళ్ల కాలువకు పుట్టిన పడవ. అడుగు సాపు, పక్కలు పొట్టి, సన్నటి ఒళ్లు. జులై వరదకు అడ్డం తిరిగితే బోర్ల పడ్తది. స్పాన్సర్ల పైసలతో లైఫ్ జాకెట్లు కొని రేవుల్లో ఇయ్యండి.

*

ప్రశ్న: చెరువులో చేపల కోసం ఇనుప రేకుతో చదును పడవ చేయించాం. రెండేళ్లకే అడుగు గుంతలు గుంతలుగా తింటోంది. రెడాక్సైడ్ రెండు కోట్లు వేశాం. ఏం చేయాలి?
— మత్స్యకార సంఘం, ఆసిఫాబాద్

జవాబు: ఈ ఉత్తరం వచ్చినందుకు సంతోషం, నా అసలు పనికి దగ్గరిది. రెడాక్సైడ్ ప్రైమర్ మాత్రమే, నీళ్లను ఆపదు. పడవను ఒడ్డుకు గుంజి బోర్లించండి, తుప్పు మొత్తం గీకి, గుంతల లోతు చూడండి. రేకు సగం పోయిన చోట కొత్త ముక్క వెల్డు చేయాలె, రంగుతో మూయొద్దు. తర్వాత డాంబర్ జాతి నల్ల పూత, రెండు మూడు కోట్లు. నారోబోట్లకు కూడ రెండు మూడేళ్లకోసారి బయటికి తీసి నల్ల పూత వేస్తరు.

ఇంకోటి, వాళ్లు పడవ అడుగున మెగ్నీషియం దిమ్మెలు వెల్డు చేస్తరు. రెండు లోహాలు నీళ్లల్ల కలిసి ఉంటే తక్కువ రకం ముందు కరుగుతది, పైది మిగుల్తది. మెగ్నీషియం అరిగితే మీ ఉక్కు మిగిలినట్టే. దుకాణంలో జింక్ దిమ్మెలు అంటగట్టే ప్రయత్నం చేస్తరు, అవి ఉప్పునీళ్లకు, చెరువుకు పనిచేయవు. మెగ్నీషియమే అడగండి. దాని మీద మాత్రం నల్ల పూత వేయొద్దు. వేస్తే పని చేయదు, మా స్టూడెంట్ ఒకడు సరిగ్గ అదే చేసిండు.

*

ప్రశ్న: సార్, మా ఇంటి వెనక తాత నడిపిన టేకు పడవ ఉంది. వంతెనలు పడ్డాక రేవు పోయింది, పడవను గుంజి వేపచెట్టు కింద వేసిన్రు. పక్కలు ఎండి విచ్చినయి. బాపు వానకాలం లోపల కొట్టి పొయ్యిలకు పెడతా అంటున్నడు. మీరు రాసిన నకలు పడవ లెక్క దీన్ని మళ్లీ చేయించొచ్చా? ఎంత ఖర్చు?
— డిప్లొమా చదివే పిల్లవాడు, ఆసరెల్లి

జవాబు: పద్నాలుగు ఉత్తరాల్లో నీది మూడు సార్లు చదివిన. ఖర్చు సంగతి ఇప్పుడు వద్దు. టేకు దూలం ధర విని మీ బాపు నిన్ను కూడ కొడ్తడు.

ముందు కొలత తీయి. బర్మింగ్‌హామ్ ముసలాయన దగ్గర పాత జోషర్ పడవ కొలతల కాగితాలున్నయి. అవి ఎవరో ఎప్పుడో కూర్చొని రాసి పెట్టినందుకే ఆ ముక్కు వంపు మళ్లీ పుట్టింది. మన రేవు పడవలకు కాగితం లేదు. మేస్త్రీ కంట్లోనే కొలత ఉండేది, మేస్త్రీ పోయిండు.

ఇట్ల చేయి. పడవను కదిలియ్యకు, కదిలిస్తే పలకలు ఊడుతయి. కింద రాళ్లు పెట్టి రెండు దిక్కులా సమం చేయి, మేస్త్రీల లెవల్ పైపు సరిపోతది. ముక్కు నుంచి తోక దాకా నడుమ దారం గట్టిగ కట్టు. ప్రతి రెండడుగులకు దారం మీద స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టు. ప్రతి గుర్తు దగ్గర మూడు కొలతలు, దారం నుంచి పక్క గోడకు పైన ఎంత, నడుమ ఎంత, అడుగున ఎంత. గుండు దారం వేలాడదీసి లోతు రాయి. ఎడమ, కుడి రెండూ తీయి. పాత పడవ రెండు దిక్కులా ఒక్క తీరుగ ఉంటది అనుకోకు, మేస్త్రీ ఒక పక్కకు కావాలనే కొంచెం వంపు ఇచ్చి ఉండొచ్చు. పలకల మందం, ఒక్కో పలక వెడల్పు, ఎక్కడెక్కడ మేకు, మేకుకు మేకుకు ఎంత దూరం, సందుల్లో ఏం కుక్కిన్రు, గుగ్గిలం ఉందా డాంబరా. చుక్కాని ఉంటే దానికి వేరే పేజీ. ప్రతి కొలత పక్కన ఫోటో, ఫోటోలో స్కేలు కనపడాలె.

తాత ఉన్నడా? ఉంటే ప్రతి పలకకు ఏం పేరో అడిగి రాసుకో. పుస్తకం మాట రాయకు, ఆయన నోట్ల వచ్చిన మాటే రాయి. నాకు కూడ అన్ని పేర్లు రావు.

వచ్చే ఐతారం పొద్దున నేను బస్సుకు వస్త. ముప్పై మీటర్ల టేపు, లెవల్ పైపు నా దగ్గర ఉన్నయి. నువ్వు దారం, సున్నం, ఇద్దరు దోస్తులను సిద్ధం పెట్టు. అప్పటిదాకా మీ బాపుకు గొడ్డలి కనపడనియ్యకు, పొయ్యిలకు నేను రెండు బండ్ల కట్టెలు పంపిస్త అని చెప్పు.